మెయింటెనెన్స్ రాత్రి ఏ అలర్ట్ ఆపాలి, ఏది ఆపకూడదు: సమగ్ర మార్గదర్శి

రాత్రి ఒంటిగంటకు ప్యాచింగ్ (సర్వర్లకు అప్‌డేట్లు వేయడం) మొదలవుతుంది. ఐదు నిమిషాలు తిరక్కుండానే ఆన్‌కాల్‌లో (సమస్య వస్తే స్పందించాల్సిన డ్యూటీలో) ఉన్నవాళ్ల ఫోన్ ఆగకుండా మోగుతుంది: సర్వర్ డౌన్, రెప్లికేషన్ ఆగింది, యాప్‌లో ఎర్రర్లు పెరిగాయి, హెల్త్ చెక్ ఫెయిల్. ఇవన్నీ మనం చేస్తున్న పని వల్లే వస్తున్నాయని తెలుసు కాబట్టి ఒక్కొక్కటీ అక్నాలెడ్జ్ కొట్టుకుంటూ పోతాం. ఆ ఊపులో, మధ్యలో ఎక్కడో వచ్చిన 'బ్యాకప్ డిస్క్ నిండిపోయింది' అనే మెసేజ్‌ని కూడా చదవకుండానే కొట్టేస్తాం. అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

ఈ గోల పడలేక కొన్ని టీమ్‌లు ఆ రెండు గంటలూ మొత్తం అలర్టింగ్‌నే ఆపేస్తాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే అది. మెయింటెనెన్స్ జరిగే వేళే నిజమైన సమస్యలు పుట్టడానికి ఎక్కువ అవకాశం ఉన్న వేళ. సరిగ్గా అప్పుడే కళ్లు మూసుకోవడం ఎంత ప్రమాదమో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

సైలెన్స్ పెట్టడమంటే మన అంచనాను ముందే రాసిపెట్టడం. ఫలానా మెషీన్ మీద, ఫలానా టైంలో, ఫలానా అలర్ట్ వస్తుందని మనకు తెలుసు. దాన్ని మాత్రమే ఆపుతాం. ఆ అంచనాలో లేనిది ఏది వచ్చినా ఫోన్ మోగి తీరాలి. కింద చెప్పే ప్రతి అడుగూ దీనికోసమే.

ఉదాహరణకు ఒక మామూలు సెటప్ తీసుకుందాం. రెండు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్లు: డీబీ1 ప్రైమరీ (అసలుది), డీబీ2 రెప్లికా (దాని డేటాను ఎప్పటికప్పుడు కాపీ చేసుకునేది). వాటి మీద ఆధారపడిన యాప్ సర్వర్లు కొన్ని. మానిటరింగ్‌కు ప్రోమిథియస్ (కొలతలు సేకరించి, రూల్ ప్రకారం అలర్ట్ మోగించేది), అలర్ట్‌మేనేజర్ (ఆ అలర్ట్లను ఎవరికి పంపాలో, ఏవి ఆపాలో చూసేది). ఫోన్ మోగించడానికి పేజర్‌డ్యూటీ. పని ఆదివారం తెల్లవారుజామున 1:00 నుంచి 2:30 వరకు. రెండు డేటాబేస్ మెషీన్లకూ ఓఎస్ ప్యాచ్‌లు వేసి రీబూట్ చేయాలి. మీ దగ్గర జాబిక్స్, నాగియోస్ లాంటి వేరే మానిటరింగ్ టూల్ ఉన్నా ఆలోచన ఇదే. తేడా వచ్చే చోట విడిగా చెప్తాను.

1. ముందు రెండు జాబితాలు రాయండి

టూల్ తెరవకముందే ఒక కాగితం మీదో, చేంజ్ టికెట్‌లోనో రెండు జాబితాలు రాసుకోవాలి. మొదటిది: ఈ పని వల్ల తప్పకుండా వచ్చే అలర్ట్లు. రెండోది: ఈ పని జరుగుతున్నా సరే, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడని అలర్ట్లు. చాలామంది మొదటిది రాసి ఆగిపోతారు. నా దృష్టిలో రెండోదే ముఖ్యం.

మొదటి జాబితాకు ఊహలు అక్కర్లేదు, పాత రికార్డే చెబుతుంది. ప్రోమిథియస్ తన దగ్గర మోగిన ప్రతి అలర్ట్‌నూ 'అలర్ట్స్' అనే పేరుతో టైమ్ సిరీస్‌గా దాస్తుంది. పోయినసారి ప్యాచింగ్ జరిగిన గంటలను ఎంచుకుని, స్టేట్ 'ఫైరింగ్' ఉన్నవాటిని గ్రాఫ్ చేసి చూడండి. మీకు గుర్తున్నవాటికంటే ఎక్కువే కనిపిస్తాయి. సాధారణంగా మరిచిపోయేవి: బయటి నుంచి యూఆర్‌ఎల్‌ను తట్టి చూసే ప్రోబ్, ఆ టైంలో నడవాల్సిన క్రాన్ జాబ్ (నిర్ణీత టైంకు తనంతట తానే నడిచే పని) నడవలేదని వచ్చే మెయిల్, లాగ్‌లలో 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అనే మాట కనిపిస్తే మోగే అలర్ట్.

రెండో జాబితాలో మన ఉదాహరణకు నేను పెట్టేవి: డిస్క్ నిండటం, బ్యాకప్ ఫెయిల్ అవడం, 'ప్రైమరీ ఒక్కటి కూడా లేదు' అనే అలర్ట్, ఈ పనితో సంబంధం లేని మెషీన్ల అలర్ట్లన్నీ, సెక్యూరిటీవి అన్నీ. వీటితోపాటు వాచ్‌డాగ్. అలర్ట్ పైప్‌లైన్ బతికే ఉందని నిరూపించడానికి ఎప్పుడూ మోగుతూ ఉండేలా పెట్టే అలర్ట్ ఇది. దీన్ని బయటి సర్వీస్ ఒకటి గమనిస్తూ ఉంటుంది. సిగ్నల్ ఆగిపోతే అప్పుడు ఫోన్ చేస్తుంది. సైలెన్స్ విశాలంగా పెట్టి వాచ్‌డాగ్‌నూ మింగేస్తే, ఆపడానికి పెట్టిన సైలెన్సే కొత్త అలర్ట్‌ను పుట్టిస్తుంది.

2. పనిని ముక్కలు చేస్తే సైలెన్స్ కూడా చిన్నదవుతుంది

పని ఎలా చేస్తామన్నదాన్ని బట్టే గోల తగ్గుతుంది. ముందు రెప్లికా డీబీ2కు ప్యాచ్ వేసి రీబూట్ చేస్తాం. అది తిరిగి వచ్చి ప్రైమరీని అందుకున్నాక స్విచ్‌ఓవర్ చేసి డీబీ2ను ప్రైమరీ చేస్తాం. ఆ తర్వాతే డీబీ1 జోలికి వెళ్తాం. ఈ వరుసలో ఏ క్షణంలోనూ రెండు మెషీన్లూ ఒకేసారి పడిపోకూడదు. కాబట్టి రెండింటికీ కలిపి తొంభై నిమిషాల సైలెన్స్ పెట్టాల్సిన అవసరమే లేదు. డీబీ2కు 1:00 నుంచి 1:45 వరకు ఒకటి, డీబీ1కు 1:45 నుంచి 2:30 వరకు ఇంకొకటి. మొదటి దశలో డీబీ1 కూడా పడిపోతే అది నిజమైన ప్రమాదం, ఫోన్ మోగాల్సిందే.

స్విచ్‌ఓవర్ అప్పుడు కొన్ని సెకన్లపాటు ప్రైమరీ లేకుండా ఉంటుంది కదా, ఆ అలర్ట్ రాదా అంటారు. దానికి సైలెన్స్ కాకుండా రూల్‌లోనే ఉండే 'ఫర్' వ్యవధి వాడాలి. రెండు నిమిషాలపాటు వరసగా ప్రైమరీ లేకపోతేనే మోగేలా పెడితే మామూలు స్విచ్‌ఓవర్ చడీచప్పుడు లేకుండా అయిపోతుంది, ఇరుక్కుపోయిన స్విచ్‌ఓవర్ మాత్రం లేపుతుంది.

3. సైలెన్స్ మ్యాచర్: ఒక్క చుక్క తేడా

ఇక్కడ నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. ప్రతి అలర్ట్‌కూ లేబుల్స్ (పేరు, విలువ జతలు) ఉంటాయి; ఏ లేబుల్ ఉన్నవాటిని ఆపాలో చెప్పే షరతే మ్యాచర్. అలర్ట్‌మేనేజర్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా) మ్యాచర్ లేబుల్ విలువ మొత్తానికి సరిపోవాలి, మధ్యలో ముక్కకు సరిపోతే చాలదు. ఇన్‌స్టాన్స్ లేబుల్ సాధారణంగా పోర్ట్‌తో కలిపి ఉంటుంది: మెషీన్ కొలతలిచ్చే నోడ్ ఎక్స్‌పోర్టర్‌ది డీబీ2:9100, డేటాబేస్ కొలతలిచ్చే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌పోర్టర్‌ది డీబీ2:9187. మ్యాచర్‌లో ఉత్త 'డీబీ2' అని రాస్తే ఈ రెండింటిలో ఏదీ ఆగదు. సరే అని 'డీబీ2.*' అని రాస్తే ('.*' అంటే ఆ తర్వాత ఏమున్నా సరే అని) రెండూ ఆగుతాయి, కానీ డీబీ20 నుంచి డీబీ29 వరకు ఉన్న మెషీన్లన్నీ కూడా నోరు మూసుకుంటాయి. సరైనది 'డీబీ2:.*'. ఆ కోలన్ ఒక్కటే పది మెషీన్లను కాపాడుతుంది.

మెషీన్ పేరుతోపాటు అలర్ట్‌నేమ్‌ను కూడా మ్యాచర్‌లో చేర్చండి. మొదటి జాబితాలో ఉన్న పేర్లను నిలువు గీతలతో కలిపి ఒకే ఎక్స్‌ప్రెషన్‌గా రాయవచ్చు. అప్పుడు డీబీ2 మీద డిస్క్ నిండినా అలర్ట్ వస్తుంది. బయటి నుంచి తట్టి చూసే బ్లాక్‌బాక్స్ ప్రోబ్ విషయం వేరు: దానికి సాధారణంగా ఇన్‌స్టాన్స్ లేబుల్‌లో ఉండేది యూఆర్‌ఎల్, మెషీన్ పేరు కాదు. దానికి విడిగా ఇంకో చిన్న సైలెన్స్ కావాలి.

క్రియేట్ కొట్టే ముందు వెబ్ పేజీలో 'ప్రివ్యూ అలర్ట్స్' బటన్ నొక్కండి. అది అప్పుడు మోగుతున్న అలర్ట్లలో ఏవి ఈ మ్యాచర్‌కు దొరుకుతాయో చూపిస్తుంది. పని ఇంకా మొదలవలేదు కాబట్టి ఖాళీగా ఉండాలి. అక్కడ వాచ్‌డాగ్ కనిపించిందంటే మ్యాచర్ అతి విశాలంగా ఉందని అర్థం.

కామెంట్ గడిని 'మెయింటెనెన్స్' అనే ఒక్క మాటతో నింపకండి. టికెట్ నంబర్, ఏం పని, ఎవరిని అడగాలి, ఈ మూడూ రాయండి. తెల్లవారుజామున వేరే ఊళ్లో కూర్చుని ఆ సైలెన్స్‌ను చూసే మనిషి దాన్ని తీసేయవచ్చో లేదో ఆ కామెంట్ చదివే తేల్చుకోవాలి.

వ్యవధి విషయంలో నాది ఒకటే పట్టు: తక్కువ పెట్టండి, అవసరమైతే పొడిగించండి. ఎందుకైనా మంచిదని ఎనిమిది గంటలు పెడితే పని అయిపోయాక అది మిగిలిపోతుంది, ఉదయం నిజంగా సర్వర్ పడిపోయినా ఎవరికీ తెలియదు. అలర్ట్‌మేనేజర్‌కు ఉన్న ఆమ్‌టూల్ కమాండ్‌తో సైలెన్స్ పెట్టేవాళ్లు గుర్తుంచుకోండి, వ్యవధి ఇవ్వకపోతే అది 1 గంటే తీసుకుంటుంది. పని ఎక్కువసేపు సాగితే మధ్యలో ఒక్కసారిగా అన్నీ వచ్చిపడతాయి.

4. టైం జోన్, వారం, అర్ధరాత్రి

మనకు ఆదివారం తెల్లవారుజామున 1:00 అంటే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) శనివారం 19:30. గంట మారడమే కాదు, వారమే మారిపోయింది. ఒక్కసారి జరిగే పనికి సైలెన్స్ పెట్టేటప్పుడు ఇది పెద్దగా ఇబ్బంది పెట్టదు, కానీ ప్రతి నెలా జరిగే పనికి అలర్ట్‌మేనేజర్‌లో టైమ్ ఇంటర్వల్ రాసేటప్పుడు కొంప ముంచుతుంది. లొకేషన్ ఇవ్వకపోతే అది యూటీసీ లెక్కే తీసుకుంటుంది. 'ఏషియా/కోల్‌కతా' అని లొకేషన్ ఇవ్వండి, లేదా యూటీసీలోకి మార్చి వారాన్ని కూడా సరిచూసుకోండి. ఇంకో మెలిక: ఒక టైమ్ రేంజ్ అర్ధరాత్రిని దాటలేదు. రాత్రి 11 నుంచి 1 వరకు కావాలంటే 23:00 నుంచి 24:00 వరకు ఒకటి, మర్నాటి వారం పేరుతో 00:00 నుంచి 01:00 వరకు ఇంకొకటి రాయాలి.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్లకు పనిచేసే టీమ్‌లకు దీనికి తోడు డేలైట్ సేవింగ్ తలనొప్పి. క్లయింట్ మెయింటెనెన్స్ విండో (పనికి కేటాయించిన సమయం) ఈస్టర్న్ టైంలో శనివారం రాత్రి 10 గంటలకు అనుకుందాం. వేసవిలో అది మనకు ఆదివారం ఉదయం 7:30, చలికాలంలో 8:30. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. మన దగ్గర జరగదు. అలాంటి విండోలను ఇండియా టైంలో రాయకండి, క్లయింట్ ఊరి లొకేషన్‌తోనే రాయండి.

విండోస్ సర్వర్లున్నవాళ్లకు ఒక ఉపయోగపడే లెక్క. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం వస్తాయి. మన గడియారంలో వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. వాటిని ఆ వచ్చే శనివారం రాత్రి వేద్దామనుకుని క్యాలెండర్‌లో 'రెండో శనివారం' అని పెట్టేస్తారు. నెల బుధ, గురు, శుక్ర, శనివారాల్లో దేనితో మొదలైనా రెండో శనివారం రెండో మంగళవారానికి ముందే వచ్చేస్తుంది, అప్పటికి ప్యాచే ఉండదు. రెండో మంగళవారం తర్వాతి శనివారం ఎప్పుడూ 12 నుంచి 18 తేదీల మధ్యే పడుతుంది. అలర్ట్‌మేనేజర్‌లో వారం శనివారం, తేదీ 12 నుంచి 18 అని రెండూ ఇస్తే, రెండూ కలిసిన రోజే లెక్కలోకి వస్తుంది. అర్ధరాత్రి దాటాక జరిగే పనైతే ఆదివారం, 13 నుంచి 19.

5. ఒకటి పడితే పది మోగకుండా: ఇన్‌హిబిషన్

మెషీనే డౌన్ అయినప్పుడు దాని మీద నడిచే డేటాబేస్ అందడం లేదని విడిగా చెప్పక్కర్లేదు. ఈ సంబంధాన్ని ఇన్‌హిబిషన్ రూల్‌గా (ఒక అలర్ట్ మోగుతుంటే ఇంకొకదాన్ని ఆపే రూల్‌గా) ఒకసారి రాసిపెడితే మెయింటెనెన్స్ రాత్రే కాదు, ఎప్పుడైనా గోల తగ్గుతుంది. కానీ పైన చూసిన పోర్ట్ సమస్య ఇక్కడా ఎదురవుతుంది: ఒకే మెషీన్‌కు 9100 ఒక ఇన్‌స్టాన్స్, 9187 ఇంకో ఇన్‌స్టాన్స్. ఇన్‌స్టాన్స్ సమానంగా ఉండాలని రూల్‌లో రాస్తే అది ఎప్పటికీ కలవదు. రెండింటికీ 'హోస్ట్' అనే ఉమ్మడి లేబుల్ చేర్చి దాన్ని వాడండి. అయితే ఆ లేబుల్ అన్ని అలర్ట్లకూ ఉందని సరిచూసుకున్నాకే. లేబుల్ రెండు వైపులా లేకపోతే అలర్ట్‌మేనేజర్ దాన్ని సమానమనే అనుకుంటుంది. ఎక్కడో ఒక మెషీన్ పడిపోతే సంబంధం లేనివన్నీ మూగబోతాయి.

6. ఎక్కడ ఆపుతున్నారన్నది తేలిక విషయం కాదు

పేజర్‌డ్యూటీలో కూడా మెయింటెనెన్స్ విండో ఉంది, రెండు క్లిక్‌లతో అయిపోతుంది. అందుకే చాలామంది అక్కడే ఆపుతారు. ఆ విండో నడిచేంతసేపు ఆ సర్వీస్‌కు వచ్చిన కొత్త అలర్ట్లతో ఇన్సిడెంట్ తెరుచుకోదు, ఫోన్ మోగదు. అలర్ట్‌మేనేజర్ మాత్రం 1:10కి తన మెసేజ్ పంపేశానని రాసుకుంటుంది. రిపీట్ ఇంటర్వల్ (అదే మెసేజ్‌ను మళ్లీ పంపే ముందు ఆగే వ్యవధి) డిఫాల్ట్‌గా 4 గంటలు. విండో 2:30కి ముగిసింది, సర్వర్ తిరిగి రాలేదు అనుకోండి. ఆ గ్రూప్‌లో (కలిపి ఒకే మెసేజ్‌గా పంపే అలర్ట్లలో) కొత్తగా ఏమీ మారకపోతే తర్వాతి మెసేజ్ 5:10 దాకా రాదు. అదే సైలెన్స్ అలర్ట్‌మేనేజర్‌లో పెట్టి ఉంటే, అది ముగిసిన కొద్ది నిమిషాల్లోనే మోగుతూ ఉన్న అలర్ట్ ఫోన్‌కు చేరేది. మూలానికి దగ్గరగా ఆపండి, చివర్లో ఆపకండి.

జాబిక్స్ వాడేవాళ్లకు: మెయింటెనెన్స్‌లో 'యాక్టివ్ సిన్స్, యాక్టివ్ టిల్' ఇస్తే చాలదు, లోపల పీరియడ్ కూడా చేర్చాలి. రెండూ కలిసిన సమయంలోనే అది పనిచేస్తుంది. డేటా సేకరణతోనా, లేకుండానా అని అడిగితే 'సేకరణతో' అనేదే ఎంచుకోండి; రీబూట్ తర్వాత మెమరీ, లోడ్ ఎలా ఉన్నాయో ఆ గ్రాఫ్‌లే చెప్పాలి. నోటిఫికేషన్లు ఆగాలంటే యాక్షన్‌లో సప్రెస్ అయిన సమస్యలకు ఆపరేషన్లు నిలిపే టిక్ ఉండాలి. నాగియోస్‌లో ఫిక్స్‌డ్ డౌన్‌టైమ్ కాక ఫ్లెక్సిబుల్ అని ఒకటుంది: ఇచ్చిన విండోలో మెషీన్ ఎప్పుడు పడిపోతే అప్పటి నుంచి లెక్క మొదలవుతుంది. పని సరిగ్గా ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేని రాత్రులకు అది బాగా పనికొస్తుంది.

అలర్ట్‌మేనేజర్ కంటైనర్‌లో నడుస్తుంటే దానికి శాశ్వత డిస్క్ ఉందో లేదో చూడండి. లేకపోతే రీస్టార్ట్‌తోపాటు సైలెన్స్‌లు కూడా పోతాయి. రెండు అలర్ట్‌మేనేజర్లు క్లస్టర్‌గా ఉంటే సైలెన్స్ రెండింట్లోనూ కనిపిస్తోందా అన్నది అరగంట ముందే సరిచూసుకోండి. వాటి మధ్య కనెక్షన్ తెగితే ఒకటి ఆపినది ఇంకొకటి పంపేస్తుంది.

7. మనుషులకు చెప్పండి

గ్రూప్‌లో పెట్టే మెసేజ్‌లో ఏది ఆగిందో ఎంత స్పష్టంగా రాస్తారో, ఏది ఆగలేదో కూడా అంతే స్పష్టంగా రాయండి. ఇలా:

"నైట్ షిఫ్ట్ టీమ్ అందరికీ: ఆదివారం తెల్లవారుజామున 1:00 నుంచి 2:30 వరకు (ఇండియా టైం) ముందు డీబీ2, తర్వాత డీబీ1 రీబూట్ అవుతాయి. ఏది రీబూట్ అవుతుంటే దాని డౌన్ అలర్ట్, రెప్లికేషన్ ల్యాగ్ మాత్రమే సైలెన్స్‌లో ఉంటాయి. డిస్క్, బ్యాకప్, 'ప్రైమరీ లేదు' అలర్ట్లు ఆపలేదు. అవి వస్తే నిజమైనవే, వెంటనే కాల్ చేయండి. పని పూర్తవగానే ఇదే థ్రెడ్‌లో చెప్తాం. షిఫ్ట్ లీడ్ గారూ, హ్యాండోవర్‌లో దయచేసి ఇది ఒకసారి చదివి వినిపించండి."

8. పని జరుగుతున్నప్పుడు, అయిపోయాక

సైలెన్స్‌లో ఉన్నా అలర్ట్ మాయమవదు. రూల్ మామూలుగానే లెక్క కడుతుంది, ఆగేది నోటిఫికేషన్ మాత్రమే. కాబట్టి కీబోర్డ్ మీద ఉన్నవాళ్లు కాక ఇంకొకరు అలర్ట్‌మేనేజర్ పేజీలో 'సైలెన్స్‌డ్' టిక్ పెట్టుకుని చూస్తూ ఉండాలి. రావాల్సిన అలర్ట్ రాకపోయినా అనుమానించాలి. డీబీ2ను రీబూట్ చేసినా దాని డౌన్ అలర్ట్ కనిపించకపోతే, రీబూట్ అయినది వేరే మెషీన్ అయి ఉండవచ్చు, లేదా మానిటరింగ్ దాన్ని అసలు చూడటమే లేదేమో.

ముగింపులో వరుస ముఖ్యం. సైలెన్స్ తీసే ముందు, దాని కింద ఇంకా ఏమైనా మోగుతోందా చూడండి. ఖాళీగా ఉంటే టైం మిగిలి ఉన్నా సైలెన్స్‌ను చేత్తో ఎక్స్‌పైర్ చేయండి. వెంటనే ఏమీ రాలేదని ఊరట పడకండి. గ్రూప్ ఇంటర్వల్ (గ్రూప్‌లో వచ్చిన మార్పును పంపే ముందు ఆగే వ్యవధి) డిఫాల్ట్‌గా 5 నిమిషాలు. కనీసం పది నిమిషాలు ఆగి, ఒక టెస్ట్ అలర్ట్ పంపి, అది ఫోన్ దాకా చేరాకే లాప్‌టాప్ మూయండి.

రీబూట్ తర్వాత కాసేపు మెమరీలోని క్యాష్ (తరచూ వాడే డేటా నిల్వ) ఖాళీగా ఉండి క్వెరీలు నెమ్మదిగా నడుస్తాయి. లేటెన్సీ (స్పందనలో ఆలస్యం) అలర్ట్‌కు మాత్రమే ఇంకో పదిహేను నిమిషాల చిన్న సైలెన్స్ ఉంచవచ్చు, డౌన్ అలర్ట్‌ను దానితో కలపకండి. ఎర్రర్ బడ్జెట్ బర్న్ రేట్ (అనుమతించిన ఎర్రర్ల కోటా ఖర్చయ్యే వేగం) అలర్ట్లు వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. గూగుల్ ఎస్‌ఆర్‌ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్) పద్ధతిలో ఎర్రర్లను కొలిచే 1 గంట విండోకు 5 నిమిషాలు, 6 గంటలకు 30 నిమిషాలు, 3 రోజులకు 6 గంటలు చిన్న విండోగా పెడతారు. పని ముగిసినా ఆ చిన్న విండోలోంచి ఎర్రర్లు జారిపోయేదాకా అలర్ట్ ఆరదు. పేజర్‌కు వెళ్లే 6 గంటల అలర్ట్‌కు మెయింటెనెన్స్ విండో తర్వాత అరగంట అదనంగా ఇవ్వండి.

9. చేత్తో చేసేది స్క్రిప్ట్‌కు అప్పగించండి

రెండు మూడు సార్లు చేత్తో చేసి మ్యాచర్లు కుదిరాక యాన్సిబుల్ ప్లేబుక్‌లోకి (సర్వర్ పనులను వరసగా నడిపే స్క్రిప్ట్‌లోకి) తెచ్చేయండి. మొదటి టాస్క్ అలర్ట్‌మేనేజర్ ఏపీఐకి సైలెన్స్ పంపి, వచ్చిన ఐడీని దాచుకుంటుంది. చివరి టాస్క్ ఆ ఐడీతో తీసేస్తుంది. తీసే టాస్క్‌ను 'ఆల్వేస్' బ్లాక్‌లో (ముందు టాస్క్ ఫెయిలైనా నడిచే భాగంలో) పెట్టాలని నేనంటాను. ప్యాచింగ్ మధ్యలో ఫెయిలైతే సైలెన్స్ ఉంచాలా తీయాలా అని వాదించేవాళ్లున్నారు. ఫెయిలైన క్షణం నుంచి పరిస్థితి మన అంచనాలో లేదు, కాబట్టి తీసేయాలి, ఫోన్ మోగాలి. ప్లేబుక్ నడుపుతున్న మెషీనే చనిపోతే 'ఆల్వేస్' కూడా నడవదు. అందుకే ఎండ్ టైం ఎప్పుడూ దగ్గరగానే ఉండాలి.

10. సోమవారం పదిహేను నిమిషాలు

టీమ్‌తో కూర్చుని ఆ రాత్రి ఫోన్‌కు వచ్చినవాటిని, సైలెన్స్ కింద మోగినవాటిని పక్కపక్కన పెట్టి చూడండి. అనవసరంగా లేపిన అలర్ట్‌ను మొదటి జాబితాలో చేర్చండి. సైలెన్స్‌లో ఉండి ఒక్కసారి కూడా మోగని పేరును మ్యాచర్ నుంచి తీసేయండి. యాక్టివ్ సైలెన్స్‌ల పేజీ తెరిచి, ఎవరు పెట్టారో తెలియనివి, కామెంట్ లేనివి, నెలల తరబడి పొడిగిస్తూ వచ్చినవి ఏమైనా ఉన్నాయేమో చూడండి. అలాంటిది కనిపిస్తే సైలెన్స్ తీసేసి, ఆ అలర్ట్ రూల్‌ను సరిచేయడానికో, పూర్తిగా తొలగించడానికో ఒకరి పేరు మీద టికెట్ తెరవండి.